యంత్రానికి ముందుచూపు

చీపురుకట్టను అరచేతిలో నిలబెట్టే ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. అది బాగా ఒరిగిపోయాక చెయ్యి కదిపితే లాభం లేదు. ఎంత ఒరిగిందన్నదే కాక, ఎంత వేగంగా ఒరుగుతోందో కూడా కంటితో కనిపెట్టి చేతిని అటు జరపాలి. ఈ రెండో సంగతి తెలియని యంత్రం ఎన్ని పాట్లు పడుతుందో చూడండి.

1866లో రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు, నేడు క్రొయేషియాలో ఉన్న రియెకా రేవులో, నీటి అడుగున తనంతట తాను పోయే టార్పెడోను తయారుచేశాడు. అది నిర్ణీతమైన లోతులోనే పోవాలి. లోతు పెరిగితే నీటి పీడనం పెరుగుతుంది కదా! ఆ పీడనం ఒక బిళ్ళను స్ప్రింగుకు ఎదురుగా నొక్కి, చుక్కానిని తిప్పేది. ఏర్పాటు సబబుగానే ఉంది. కాని టార్పెడో ఒకసారి లోతుకు, ఒకసారి పైకి పడిలేస్తూ పోయేది. ఎందుకని? సరైన లోతుకు చేరేసరికి చుక్కాని మధ్యకు వస్తుంది, నిజమే. కాని టార్పెడో ముక్కు అప్పటికింకా పైకే ఉంటుంది. కనుక గీత దాటిపోతుంది. దిద్దుబాటు ఎప్పుడూ ఆలస్యమే! ఆ ఆలస్యం సగం డోలనమంత, అంటే 180 డిగ్రీలు అయిందా, ఆపవలసిన తోపే ఉయ్యాలను ఊపే తోపవుతుంది.

1868లో వైట్‌హెడ్ టార్పెడోలో ఒక లోలకాన్ని కూడా అమర్చాడు. ముక్కు ఎంత వంగిందో లోలకం చెబుతుంది. అది తెలిస్తే లోతు ఎంత త్వరగా మారుతోందో తెలిసినట్లే. రెండు కబుర్లూ కలిసి చుక్కానికి అందాక టార్పెడో కుదురుగా నడిచింది. ఆయుధం గనుక ఈ ఏర్పాటును దాచి ఉంచారు. దానికి 'రహస్యం' అనే పేరే స్థిరపడింది.

ఇదే ఉపాయాన్ని రెండు నిరోధకాలు, ఒక కండెన్సరు చేసిపెడతాయి. ఆ వలయం పేరు ఫేజ్ లీడ్ కాంపెన్సేటర్. ఫేజ్ అంటే దశ. సంకేతం వచ్చే దారిలో 20 కిలో ఓముల నిరోధకం, దానికి సమాంతరంగా కండెన్సరు ఉంచండి. అవతలి కొస నుంచి భూమికి 10 కిలో ఓముల నిరోధకం కలపండి. కండెన్సరులో ప్రవహించే విద్యుత్తు, వోల్టేజి ఎంత వేగంగా మారుతోందన్న దానిపై ఆధారపడుతుంది. మన లోలకం ఇదే! అందువల్ల బయటికొచ్చే తరంగం లోపలికి వెళ్ళినదానికంటే దశలో కాస్త ముందుంటుంది. ఇది జోస్యమేమీ కాదు, వేగాన్ని బట్టి వేసిన అంచనా.

ఎంత ముందు? నెమ్మదిగా మారే సంకేతంలో 10/30, అంటే మూడో వంతే బయటికొస్తుంది. ఒకటిలోంచి ఈ మూడో వంతును తీసివేస్తే 2/3, ఒకటికి కలిపితే 4/3. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సగం. ఇది గరిష్ఠ కోణపు సైన్ విలువ. సైన్ విలువ సగమైతే కోణం 30 డిగ్రీలని మీకు తెలుసు. 180 డిగ్రీల ఆలస్యం 150కి తగ్గిందన్నమాట. కండెన్సరు 2 మైక్రోఫారడ్లయితే, ఈ ఫలితం సెకనుకు సుమారు 7 డోలనాల దగ్గర వస్తుంది. యంత్రం ఊగిసలాడే చోటును బట్టి కండెన్సరును ఎంచుకోవాలి.

మరి 60 డిగ్రీలు ఎందుకు అడగకూడదు? ఇక్కడొక చిక్కుంది. మూడో వంతుకు తగ్గిన సంకేతాన్ని ఆంప్లిఫయరుతో మళ్ళీ మూడు రెట్లు చేయాలి. చాలా వేగంగా మారే అనవసరపు రొద మాత్రం కండెన్సరు గుండా దాదాపు తగ్గకుండానే వచ్చేస్తుంది. కనుక అదీ మూడు రెట్లవుతుంది. 60 డిగ్రీలు కావాలంటే రొద దాదాపు 14 రెట్లు పెరుగుతుంది, మోటారు ఊరికే గజగజలాడుతుంది.