ఉత్తరంలో విరిగిన పంక్తులు

కాగితం మీద ఉత్తరం రాసేవారు ప్రతి పంక్తి చివర కాగితం అంచును చూసుకొంటారు. చోటు చాలదని తోస్తే తరువాతి మాటను కింది పంక్తిలోకి తీసుకొనిపోతారు. ఆ విరుపును రాసేవారూ పట్టించుకోరు, చదివేవారూ గమనించరు. రాసినవారి చేతిలోని కాగితమే చదివేవారి చేతికి చేరుతుంది కాబట్టి దాని వెడల్పు దారిలో మారే అవకాశం లేదు.

ఈ-మెయిల్ సంగతి వేరు. అందులో కాగితం ప్రయాణం చేయదు. అక్షరాలు మాత్రమే ప్రయాణం చేస్తాయి. రాసేవారు వెడల్పాటి తెర ముందు కూర్చొని రాయవచ్చు. చదివేవారు అరచేతిలో ఇమిడే ఫోనులో చదవవచ్చు. అందువల్ల ఒక్కొక్కసారి ఎంతో శ్రద్ధగా రాసిన ఉత్తరం కూడా అవతలివారికి వింత ఆకారంలో చేరుతుంది. ఒక పంక్తి నిండుగా ఉంటుంది. దాని కింద ఒకే ఒక్క మాట ఉంటుంది. మళ్లీ నిండు పంక్తి, మళ్లీ ఒంటరి మాట. చూడడానికి పళ్లు ఊడిన దువ్వెనలా ఉంటుంది. ఉద్యోగానికి పంపిన దరఖాస్తు ఇలా చేరితే చదివే అధికారి యంత్రాన్ని తప్పుపట్టడు. రాసినవారికి శ్రద్ధ లేదనుకొంటాడు. ఈ చిక్కు ఎలా పుడుతుందో, దానిని ఎలా గుర్తించాలో, ఎలా సరిచేసుకోవాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

రెండు రకాల విరుపులు

ఈ-మెయిళ్లు ప్రధానంగా రెండు విధాలు. రంగులు, బొమ్మలు, రకరకాల అక్షరాకృతులు ఉండేవి ఒక రకం. అక్షరాలు, ఖాళీలు, పంక్తి విరుపులు తప్ప మరే అలంకారమూ లేనివి రెండో రకం. ఈ రెండో రకాన్ని సాదా పాఠం అంటారు. ఇది పరిమాణంలో చిన్నది. ఎంత పాత యంత్రంలోనైనా తెరుచుకొంటుంది. లినక్స్ కెర్నల్‌ను అభివృద్ధి చేసేవారు తాము చేసిన మార్పులను నేటికీ సాదా పాఠంగానే పంపుకొంటారు.

సాదా పాఠంలో పంక్తులు రెండు కారణాల వల్ల విరుగుతాయి. రాసేవారు 'ఎంటర్' మీట నొక్కినప్పుడు, లేదా వారి ప్రోగ్రాము పంపే ముందు తానే పంక్తిని తెంచినప్పుడు, ఆ విరుపు కూడా ఒక గుర్తుగా ఉత్తరంలో చేరిపోతుంది. అక్షరాలతో పాటు అదీ ప్రయాణం చేస్తుంది. దీనిని స్థిరమైన విరుపు అనవచ్చు. చదివేవారి తెరలో చోటు చాలక పంక్తి కిందికి దిగితే అది తాత్కాలికమైన విరుపు. అది ఉత్తరంలో ఉండదు. ఆ తెరకే పరిమితం.

ఈ రెండింటినీ గుర్తించడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఉత్తరం తెరిచిన కిటికీని మౌస్‌తో వెడల్పు చేసి, మళ్లీ ఇరుకు చేసి చూడాలి. కిటికీతో పాటు జరిగే విరుపులు తాత్కాలికమైనవి. కిటికీ ఎంత వెడల్పయినా కదలకుండా ఉన్నచోటే ఉండేవి స్థిరమైనవి. పంక్తులకు సంబంధించిన ఏ చిక్కునైనా విప్పడానికి మొదట చేయవలసిన పని ఈ పరీక్షే.

వెడల్పు వెనుక చరిత్ర

ప్రోగ్రాములు పంక్తులను 72 దగ్గరో 76 దగ్గరో తెంచడం వెనుక పాతకాలపు యంత్రాలు ఉన్నాయి. 1928లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన రంధ్రాల కార్డులో 80 నిలువు వరుసలు ఉండేవి. ఆ తరువాత వచ్చిన కంప్యూటర్ తెరలు చాలావరకు ఆ కొలతనే అనుసరించాయి. 1978లో వచ్చిన వి.టి. 100 అనే ప్రసిద్ధమైన టెర్మినల్‌లో పంక్తికి 80 అక్షరాల చొప్పున 24 పంక్తులు పట్టేవి.

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మొదటి ఈ-మెయిల్ పంపాడు. ఈ-మెయిళ్ల రూపానికి సంబంధించిన నియమాలు తరువాతి సంవత్సరాల్లో స్థిరపడ్డాయి. 2001లోనూ 2008లోనూ వెలువడిన ప్రమాణ పత్రాలు రెండు హద్దులు చెప్పాయి. ఒక పంక్తి 998 అక్షరాలకు మించి ఉండకూడదు. 78 అక్షరాలకు మించకుండా ఉంటే మంచిది. మొదటిది ఆజ్ఞ, రెండోది సలహా. పంక్తి ముగిసిందని తెలిపే గుర్తులు రెండు ఉంటాయి. టైపు యంత్రంలో క్యారేజిని మొదటికి జరపడం ఒక పని, కాగితాన్ని పైకి తిప్పడం మరో పని. ఆ రెండు పనుల జ్ఞాపకంగానే ఈ రెండు గుర్తులు మిగిలాయి. వాటిని కూడా కలుపుకొంటే ఆ హద్దులు సరిగా 1000, 80 అవుతాయి.

దువ్వెన ఎలా పుడుతుంది?

మన ప్రోగ్రాము ప్రతి పంక్తినీ 76 అక్షరాల దగ్గర తెంచి పంపిందనుకొందాం. అందుకొన్నవారు జవాబు రాసేటప్పుడు వారి ప్రోగ్రాము మన మాటలను ఉదాహరిస్తూ ప్రతి పంక్తి ముందూ > అనే గుర్తును, ఒక ఖాళీని చేరుస్తుంది. అప్పుడు పంక్తి 78 అవుతుంది. ఆ జవాబుకు మనం మళ్లీ జవాబిస్తే పంక్తి మరికొంత పెరిగి హద్దు దాటుతుంది. హద్దు దాటిన పంక్తిని ప్రోగ్రాము మళ్లీ తెంచుతుంది. చివరి మాట ఒంటరిగా కింద పడుతుంది. అంటే ఒకే పంక్తిని ఇద్దరు రెండు చోట్ల తెంచారన్నమాట. ఫోనులో కనిపించే దువ్వెనకూ కారణం ఇదే. 76 దగ్గర స్థిరంగా తెగిన పంక్తి 40 అక్షరాలు మాత్రమే పట్టే తెరలో మరోసారి విరుగుతుంది.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే అయితే అంతగా పట్టించుకోనక్కరలేదు. ఈ జవాబును చూడండి:

> గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాన్ని నేను ఇంకా తిరిగి
ఇవ్వలేదు.
> రేపు కళాశాలకు వచ్చినప్పుడు దానిని తప్పకుండా నీకే
ఇస్తాను.

ఉదాహరణ గుర్తు ఉన్న పంక్తులు మొదట ఉత్తరం రాసినవారివి. గుర్తు లేనివి జవాబు రాసినవారివి. చదివేవారు పాటించే నియమం ఇది. ఆ నియమం ప్రకారం 'ఇవ్వలేదు' అన్న మాట జవాబు రాసినవారిదైపోయింది. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. అవునా కాదా అన్నది ఆ క్రియలోనే తేలుతుంది. పైగా 'ఇవ్వలేదు' అన్న రూపం నేను, నువ్వు, వారు అనే అందరికీ ఒక్కటే. కాబట్టి ఒకరు వినయంగా ఒప్పుకొన్న మాట మరొకరు మోపిన నిందలా వినిపించే ప్రమాదం ఉంది. పంక్తి తోక తెగినప్పుడు తెలుగు వాక్యంలో ఊడిపడేది తరచుగా దాని ప్రాణమే.

తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కు

కంప్యూటర్ లెక్క వేరు, కంటి లెక్క వేరు. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అనే ఆరు సంకేతాల సముదాయం. ఈ-మెయిల్‌లో వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అంటే 'స్త్రీ' 18 బైట్లు. 998 అనే హద్దును బైట్లలో లెక్కిస్తారు. కాబట్టి ఇంగ్లీషులో దాదాపు వెయ్యి అక్షరాల పేరా పట్టే పంక్తిలో తెలుగు సంకేతాలు 332 మాత్రమే పడతాయి. 'ఎంటర్' నొక్కకుండా రాసిన ఒక మోస్తరు తెలుగు పేరా సులభంగా ఆ హద్దు దాటుతుంది.

హద్దు దాటిన పంక్తిని ఉన్నదున్నట్లు పంపితే దారిలోని సర్వర్ దానిని తనకు తోచిన చోట తెంచవచ్చు. సెండ్‌మెయిల్ అనే బట్వాడా ప్రోగ్రాము 990 దగ్గర ఒక ఆశ్చర్యార్థకం చేర్చి పంక్తిని విరుస్తుంది. ఆ విరుపు ఒక సంకేతానికి చెందిన మూడు బైట్ల మధ్య పడితే ఆ అక్షరం చెడిపోయి, దాని స్థానంలో ప్రశ్నార్థకమో నల్లని చతురస్రమో కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా 'కోటెడ్ ప్రింటబుల్' అనే కట్టుబాటు వచ్చింది. అందులో ప్రతి తెలుగు బైటునూ మూడు గుర్తులతో రాస్తారు. 'స్త్రీ' 54 గుర్తులవుతుంది. ఏ పంక్తీ 76 గుర్తులు మించదు. పంక్తి చివర = గుర్తు ఉంటే అది రవాణా కోసం చేసిన విరుపు అని, చదివే ప్రోగ్రాము దానిని తిరిగి అతికించాలని అర్థం. ఉత్తరం పొడవు పెరిగినా అందులోని ఒక్క అక్షరమూ పోదు.

పారే పాఠం

దువ్వెన చిక్కుకు 1999లో రాండల్ గెలెన్స్ ఒక పరిష్కారం సూచించాడు. 2004లో దాని సవరించిన రూపం వెలువడింది. దానిని 'ఫార్మాట్ ఫ్లోడ్' అంటారు. పారే పాఠం అని చెప్పుకోవచ్చు. అందులోని ఉపాయం చాలా సులభం. పంక్తి చివర ఒక ఖాళీ ఉంటే ఆ విరుపు తాత్కాలికం. చదివే ప్రోగ్రాము తరువాతి పంక్తిని దీనికి కలిపి తన తెర వెడల్పుకు తగినట్లు మళ్లీ అమర్చుకోవచ్చు. ఖాళీ లేకపోతే ఆ విరుపు రాసినవారు కోరి చేసినది, దానిని ముట్టుకోకూడదు. ఈ ఏర్పాటు తెలియని పాత ప్రోగ్రాములకు కూడా పంక్తులు మామూలుగానే కనిపిస్తాయి.

లక్షణాన్ని బట్టి చికిత్స

ఉత్తరం దువ్వెనలా కనిపిస్తే పంపే ప్రోగ్రాములో పంక్తి పొడవును 72కు గాని అంతకు తక్కువకు గాని తగ్గించాలి. అప్పుడు రెండు మూడు జవాబుల వరకు ఉదాహరణ గుర్తులకు చోటు మిగులుతుంది. థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాములో ముందుగానే 72 అని నిర్ణయించి ఉంటుంది. ప్రోగ్రాము అనుమతిస్తే పారే పాఠంగా పంపడం ఇంకా మంచిది. జవాబు రాసేవారు ఉదాహరించిన భాగంలో తమకు కావలసిన రెండు మూడు వాక్యాలను మాత్రమే ఉంచి, విరిగిన పంక్తులను చేతితో కలపాలి.

ఉత్తరమంతా కుడివైపునకు అంతులేకుండా సాగిపోతే పంపినవారు ఎక్కడా విరుపు పెట్టలేదని, చదివే ప్రోగ్రాము కూడా పంక్తులను మడవడం లేదని గ్రహించాలి. చదివే ప్రోగ్రాములో పంక్తులను మడిచే సదుపాయాన్ని ఎంచుకొంటే సరిపోతుంది.

పంక్తుల చివర = గుర్తులు, మధ్యలో అర్థంకాని అంకెలూ అక్షరాలూ కనిపిస్తే కోటెడ్ ప్రింటబుల్ కట్టు విప్పకుండానే ఉత్తరం తెరపైకి వచ్చిందని అర్థం. ఆ కట్టుబాటును తెలిపే శీర్షిక దారిలో పోయి ఉండవచ్చు. ఉత్తరం మూలరూపాన్ని తెరిచి శీర్షికలను పరిశీలిస్తే ఈ విషయం తేలుతుంది.

చిరునామాలోని పంక్తులు, పద్యపాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే చదివే ప్రోగ్రాము విరుపులను 'అనవసరం' అనుకొని తొలగించి ఉండవచ్చు. సంప్రదాయ అవుట్‌లుక్‌లో ఇటువంటి అమరిక ఉంది. ఉత్తరం పైభాగాన అది చూపే సూచనను నొక్కితే తొలగిన విరుపులు తిరిగి వస్తాయి. పారే పాఠంగా పంపే పద్యంలో పాదాల చివర ఖాళీలు మిగలకుండా చూసుకోవాలి.

వెబ్ చిరునామా మధ్యలో విరిగితే దానిని నొక్కినప్పుడు సగం చిరునామాకే దారి తీస్తుంది. పొడవైన చిరునామాను ప్రత్యేకంగా ఒక పంక్తిలో, < > గుర్తుల నడుమ రాయడం మేలు.

అన్నింటికంటే ముఖ్యమైన ఉత్తరాన్ని పంపేముందు ఒకసారి తనకు తానే పంపుకొని, కంప్యూటర్‌లోనూ ఫోనులోనూ తెరిచి చూసుకోవడం మంచి అలవాటు.

ఏది ఎవరిది?

మన పూర్వులు తాటాకుల మీద పద్యాలు రాసేటప్పుడు పాదాలను విడదీసేవారు కాదు. ఆకు పొడవునా వరుసగా రాసుకొనిపోయేవారు. అయినా పాదం ఎక్కడ ముగిసిందో పండితులు గణాలనూ యతిప్రాసలనూ బట్టి గుర్తించగలిగారు. విరుపు పోయినా ఛందస్సు దానిని కాపాడింది. వచన కవితకు ఆ రక్ష లేదు. అందులో పంక్తి ఎక్కడ ఆగాలో చెప్పేది ఆ విరుపు ఒక్కటే. పత్రికకు ఈ-మెయిల్‌లో పంపిన వచన కవిత దారిలో పంక్తులు కలిసి చేరితే, కవి ఎక్కడ ఆగాడో తేల్చిచెప్పే ఆధారం ఇక మిగలదు.

తెర వెడల్పు చదివేవారిది. పేరా ఎక్కడ ముగియాలి, పాదం ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయం రాసేవారిది. ఒకరి హక్కును మరొకరు తీసుకొన్నప్పుడే ఉత్తరం వికృతమవుతుంది. కాబట్టి రాసేటప్పుడు చోటు చాలదన్న భయంతో 'ఎంటర్' మీట నొక్కకుండా, అర్థం ఎక్కడ ఆగమంటే అక్కడ మాత్రమే నొక్కడం నేర్చుకోవాలి. తక్కిన విరుపుల సంగతి చదివేవారి తెర చూసుకొంటుంది.