ఈకతో చేసిన ఈగ

మే నెల సాయంకాలం. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరానికి చేరువగా ఉన్న బ్లాగ్డన్ జలాశయం గట్టున మీరు గాలపు కర్ర పట్టుకుని నిలుచున్నారనుకోండి. నీటిమీద దోమల్లాంటి చిన్న పురుగులు గుంపులుగా ఎగురుతున్నాయి. ఇక్కడొకటి, అక్కడొకటి ట్రౌట్ చేపలు పైకి తేలుతున్నాయి. మీ గాలానికున్న ఎర వానపాము కాదు. ఈకలతో, దారంతో, అచ్చం ఆ పురుగులాగే రెక్కలు పెట్టి చేసిన బొమ్మ ఈగ. దాన్ని సరిగ్గా చేపల మధ్యనే వేశారు. అయినా ఒక్క చేపా దాని వంక చూడదు! గంట గడిచినా ఇదే వరస. కారణమేమిటి?

ముందు ఈ ఈగ సంగతి తెలుసుకుందాం. ఇది కొత్త విద్య కాదు. మాసిడోనియాలో జాలరులు కొక్కానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు తగిలించి చేపలు పడతారని ఏలియన్ అనే రోమను రచయిత క్రీ.శ. 200 ప్రాంతంలోనే రాశాడు.

మరి ఈకంత తేలికైన ఎరను దూరంగా విసరడం ఎలా? మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ దారమే లావుగా, బరువుగా ఉంటుంది. కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే దారం కొరడాలా సాగిపోయి ఈగను తనతో తీసుకుపోతుంది. చేప కంటబడకుండా ఆ దారం చివర సన్నని నైలాన్ పోగు కడతారు.

ఏటిలో చేప ఒకచోట నిలిచి, ప్రవాహం మోసుకొచ్చే తిండి కోసం కాచుకుంటుంది. జలాశయంలో ప్రవాహం లేదు. చేపే తిండి వెతుక్కుంటూ తిరగాలి. కాబట్టి గాలం వేసేవాడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: చేప ఏం తింటోంది? ఎంత లోతులో తింటోంది? ఆ తిండి ఎలా కదులుతుంది?

పురుగు జీవితంలో నాలుగు దశలు

మీరు చూసిన పురుగులు కుట్టని దోమజాతి కీటకాలు. వీటి రొద విని అక్కడివారు బజర్ అని పేరు పెట్టారు. గుడ్డు నుంచి వచ్చే డింభకం అడుగున బురదలో ఉంటుంది. బురదలో ప్రాణవాయువు తక్కువ. అందుకే చాలా రకాల డింభకాల్లో మన రక్తంలో లాగానే హిమోగ్లోబిన్ ఉంటుంది. అవి ఎర్రగా కనిపించేది అందుకే. తరువాతది ప్యూపా దశ. ప్యూపా మెల్లగా పైకి తేలి, నీటి పైపొర కింద వేలాడుతుంది. తలతన్యత వల్ల ఆ పొర సాగదీసిన పలచని తోలులా పనిచేస్తుంది. గాలి లేనినాడు దాన్ని చీల్చుకుని బయటపడటానికి ప్యూపాకు ఎక్కువసేపు పడుతుంది. పారిపోలేని తిండి దొరికితే చేప వదులుతుందా?

ఇప్పుడు ఆ చేపలను మళ్లీ చూడండి. నీటిపైకి వచ్చింది మూతి కాదు. వీపు, ఆ వెనుక తోక. అంటే చేప పైన ఎగిరే పురుగును కాదు, పొర కిందనున్న ప్యూపాను తింటోందన్నమాట! మీరు చూసింది గాలిలోని పురుగును. చేప చూసింది నీటిలోని పురుగును. చిక్కంతా అక్కడే ఉంది.

చేప కంటికి ఏం కనిపిస్తుంది?

నీటినుంచి గాలిలోకి పోయే కాంతికి సందిగ్ధ కోణం సుమారు 49 డిగ్రీలు. అందువల్ల ఒక మీటరు లోతున ఉన్న చేపకు బయటి లోకమంతా తలపైన దాదాపు 2.25 మీటర్ల వెడల్పున్న గుండ్రని కిటికీలోనే కనిపిస్తుంది. ఆ కిటికీ అవతల సంపూర్ణాంతర పరావర్తనం వల్ల నీటి పైతలం అద్దమైపోతుంది. ఆ అద్దం మీద నిలిచిన పురుగు కాళ్ల నొక్కులే చేపకు ఆనవాలు. కాని పొర కింద వేలాడే ప్యూపా మాత్రం నిలువెల్లా కనబడుతుంది.

కాబట్టి రెక్కల ఈగను తీసివేయండి. 12 లేదా 14 నంబరు కొక్కెం తీసుకోండి (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది). దానికి నల్లదారం సన్నగా చుట్టి, శరీరపు కణుపుల్లా కనిపించేట్టు పైన వెండిరంగు తీగ తిప్పండి. ప్యూపా తలవద్ద తెల్లని శ్వాసతంతువుల కుచ్చు ఉంటుంది. అందుకు బదులు కాస్త తెల్ల ఉన్ని పెట్టండి. నైలాన్ పోగుకు చివరి కొద్ది సెంటీమీటర్లు వదలి మిగతా భాగానికి జిడ్డు రాస్తే, పోగు తేలుతుంది, ఈగ పొర కింద వేలాడుతుంది. ఇక దారాన్ని అతి నెమ్మదిగా లాగండి. నిజమైన ప్యూపా పరుగెత్తదు మరి!

తిండి మారితే ఈగ మారాలి. తెడ్లలాంటి కాళ్లతో ఈదే నీటిపురుగు ఒకటుంది. అది గాలికోసం పైకి వచ్చి, వెండిలా మెరిసే బుడగతో కిందికి పోతుంది. దాని బొమ్మకు వెండితీగ తప్పనిసరి. లాగడం, ఆపడం, మళ్లీ లాగడం దాని నడక. ఎండలు ముదిరితే పైనీరు వేడెక్కి, అందులో కరిగిన ప్రాణవాయువు తగ్గుతుంది. చల్లదనం కోరే ట్రౌట్ లోతుకు దిగుతుంది. అప్పుడు మునిగే ఈగ వేసి, ఐదు లెక్కపెట్టి లాగండి. చేప తగలకపోతే పది, ఆపైన పదిహేను. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. లోతూ, ఈగా రెండూ కలిపి మారిస్తే, ఏ మార్పు పనిచేసిందో తెలియదు. ప్రయోగశాలలో మీరు పాటించే నియమమే ఇది.

రెండు ప్రపంచయుద్ధాల నడుమ ఇదే బ్లాగ్డన్‌లో డాక్టరు హోవర్డ్ బెల్ తాను పట్టిన ట్రౌట్‌ల పొట్టలు పరిశీలించి, అవి తిన్న పురుగులను చూసి ఈగలు తయారుచేశాడు. అంగడిలో తళుకులీనే ఈగ మనిషిని ఆకర్షించవచ్చు. ఆయన తీర్పు అడిగింది చేపనే.

చేప కూడా ప్రాణే గదా! తినడానికి కాకపోతే, కొక్కెం మొన వెనుకనుండే ఎదురుముల్లును ముందే నొక్కివేసి, పట్టిన చేపను తడిచేతులతో, నీటిలో ఉంచే విడిచిపెట్టాలి. పొడిచేయి తగిలితే దాని ఒంటిమీది జిగురుపొర చెదురుతుంది.

మన మైదానాల చెరువులు ట్రౌట్‌కు మరీ వెచ్చన. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్, నీలగిరుల వంటి చల్లని తావుల్లోనే వాటిని పెంచుతున్నారు. కాని ఆ కుట్టని దోమలు మనకూ ఉన్నాయి. అక్వేరియం చేపలకు వేసే ఎర్రపురుగులు వాటి డింభకాలే. ఈసారి చెరువుగట్టుకు పెద్దలతో కలిసి వెళ్లినప్పుడు, గాలిలో ఎగిరే పురుగును చూసి ఊరుకోకండి. నీటి అంచున తేలే చిన్న చిన్న ఖాళీ పొట్టులకోసం వెతకండి. ప్యూపాలు విడిచిపోయిన చొక్కాలవి!