రేడియో తరంగాలకూ గట్లున్నాయి!

జంషెడ్‌పూర్‌లోని మీ ఇంట్లో మీడియం వేవ్ రేడియో ఉంటే ఈ చిన్న ప్రయోగం చేయండి. పగలు ముల్లు తిప్పితే దగ్గరి కేంద్రాలే పలుకుతాయి. రాత్రయితే దూరపు కేంద్రాలు, అదృష్టం బాగుంటే తెలుగు కేంద్రాలు కూడా వినిపించవచ్చు. పగలు ఈ తరంగాలను పీల్చుకునే ఆయనావరణపు కింది పొర రాత్రి పలచబడుతుంది; అప్పుడు పై పొరలు వాటిని తిరిగి నేలకు పంపుతాయి. ఒక్కొక్కసారి రెండు కేంద్రాలు కలగాపులగం కావడమూ మీరు గమనిస్తారు.

ఒకే పౌనఃపున్యంపై రెండు ప్రసారాలు ఒకేచోటికి చేరితే ఇదే గతి. అందుకే పొలాలకు గట్లు వేసినట్లు తరంగాలనూ పంచుకోవాలి. మీడియం వేవ్‌లో పక్కపక్క కేటాయింపుల మధ్య మనకు 9 కిలోహెర్ట్జ్‌ల ఎడం ఉంటుంది. ఎఫ్.ఎం. ప్రసారాలకు 108 మెగాహెర్ట్జ్ హద్దు. అది దాటితే విమానాలకు దారి చూపే సంకేతాల వంతు. దేశాల మధ్య పంపకం జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌ది. మన దేశంలో ఆ పని 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగానిది.

సైన్యానికి రాడార్లకూ, సందేశాలకూ పెద్ద వాటాయే ఉంది. అయితే గట్లు జరపవచ్చు. మొబైల్ ఫోన్ల కోసం రక్షణ శాఖ తన వాటాలో కొంత వదులుకోవడానికి 2009లో ఒప్పందం కుదిరింది. బదులుగా సైన్యానికి ప్రత్యేక ఆప్టికల్ ఫైబర్ జాలం వేయాలన్నారు.

మరి ఖగోళ శాస్త్రజ్ఞుల సంగతి? వారు ఏమీ ప్రసారం చేయరు, వింటారంతే. అంతరిక్షంలోని హైడ్రోజన్ 1420.4 మెగాహెర్ట్జ్ వద్ద పలుకుతుంది. దాన్ని మరో చోటికి జరగమని ఎవరు చెప్పగలరు? అందుకే 1400 నుంచి 1427 వరకు ప్రపంచమంతటా ప్రసారాలు నిషిద్ధం. ఆ సంకేతాలు ఎంత బలహీనమంటే, చంద్రుడి మీద ఒక్క సెల్‌ఫోన్ మోగినా ఆకాశంలోని అతి ప్రకాశవంతమైన రేడియో వనరుల్లో అదొకటవుతుంది!

వెల్డింగ్ మెరుపుకే రేడియో చిటపటలాడడం ఉక్కునగరంలో ఉండే మీకు తెలియనిది కాదు. 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్న మన జి.ఎం.ఆర్.టి.ని అందుకే నగరాల రొదకు దూరంగా, పుణె జిల్లా ఖొడద్‌లో కట్టారు. నేల మీది రొదను కొండలు కొంత అడ్డుకుంటాయి. నెత్తిమీద తిరిగే ఉపగ్రహాలను ఏ కొండా అడ్డుకోలేదు. అక్కడ మనకు మిగిలిన గట్టు ఒకటే: మనుషులు కుదుర్చుకున్న మాట.