గోడమీది మాట... గుమ్మందాకా!

'కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట!' బోధన్ చెరకు పల్లెల్లో గట్టు తగాదాకు దావా వేసిన రైతుకు ఈ సామెత అర్థం వేరే చెప్పక్కర్లేదు. వాయిదా పడిన ప్రతిసారీ ఓ రోజు పనీ, బస్సు ఛార్జీలూ పోయినట్టే. మరి, కంపెనీలకున్నట్టు కోర్టుకూ ఓ విజన్, ఓ మిషన్ ఉంటే?

ఆ ప్రయత్నం జరిగింది. 15 ఏళ్లదాకా సాగే కేసుల్ని మూడేళ్లలో తేల్చాలంటూ 2009 అక్టోబరులో అప్పటి కేంద్ర న్యాయశాఖ మంత్రి వీరప్ప మొయిలీ విజన్ పత్రం ప్రకటించారు. 2011లో న్యాయ సంస్కరణల జాతీయ మిషన్ ఏర్పడింది. ఆ తర్వాత వచ్చిందే 'ఫైవ్ ప్లస్ జీరో'. అంటే, ఐదేళ్లు దాటిన కేసు ఒక్కటీ ఉండకూడదని.

చేరాల్సిన చోటు విజన్, అందుకోసం రోజూ చేసే పని మిషన్. 'సత్వర న్యాయం' అని గోడమీద రాస్తే సరిపోదు. ఎన్నేళ్లలో, ఎన్ని వాయిదాల్లో అన్న లెక్క ఉండాలి. ఢిల్లీలో రాసిందే అన్ని ఊళ్లకూ అతకదు. శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. బతుకులు మారితే తగాదాలూ మారతాయి. అందుకే జడ్జీలు, వకీళ్లు, గుమాస్తాలతోపాటు కక్షిదారునీ కూర్చోబెట్టి రాసుకోవాలి.

మాట నిలబడిందో లేదో చూసుకునే వీలూ ఉంది. ఏ జిల్లా కోర్టులో ఎన్ని కేసులు ఎన్నేళ్లుగా పెండింగ్‌లో ఉన్నాయో 2015 నుంచీ జాతీయ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో ఎవరైనా చూడొచ్చు. నిజామాబాద్ లెక్కా అందులో ఉంటుంది.

రైతుకు కావాల్సిందీ అంతే... మళ్లీ ఎప్పుడు రావాలన్నది కాదు, ఎప్పటికి తేలుతుందన్నది!