డిష్‌వాషర్ రిపేరా, కొత్తదా? ముందు అది ఎందుకు ఆగుతోందో కనుక్కోండి

డిష్‌వాషర్ పూర్తిగా చచ్చిపోతే నిర్ణయం తేలిక. బాగుచేయడానికి ఎంత అడుగుతున్నారు, కొత్తది ఎంత, రెండూ చూసుకుని ఏదో ఒకటి చేసేస్తాం. అసలు తలనొప్పి పూర్తిగా పాడవ్వని మెషీన్‌తోనే. సోమవారం తళతళలాడేలా కడుగుతుంది. మంగళవారం మధ్యలో ఆగిపోతుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలెడుతుంది. మా ఇంట్లో రెండు నెలలు ఇదే కథ నడిచింది కాబట్టి ఈ ఎపిసోడ్ దాని మీదే.

మాది 2019లో కొన్న మెషీన్. టెక్నీషియన్ వచ్చారు, చూశారు. ఆయన ముందు అది బుద్ధిగా పనిచేసింది. "పీసీబీ పోయినట్టుంది సార్, మారిస్తే 16,500 అవుతుంది" అన్నారు. కొత్త మెషీన్ 45,000 దగ్గర ఉంది. ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. నాన్న రిపేర్ పార్టీ, చెల్లి కొత్త మెషీన్ పార్టీ. అమ్మ మాత్రం ఏ పార్టీలోనూ చేరకుండా రాత్రి పూట సగం గిన్నెలు సింక్‌లో తోమేసుకుంటోంది. ఎందుకమ్మా అంటే, "పొద్దున్నే చూసేసరికి ఆగిపోయి ఉంటే టిఫిన్ దేంట్లో చేయను?" అంది.

ఆవిడకి వేళ్ల కీళ్ల నొప్పులు. ఆ మెషీన్ కొన్నదే అందుకు. అది ఇంట్లో ఉండి కూడా అమ్మ చేతులు సబ్బు నీళ్లలోనే ఉంటే, కరెంటు, ఉప్పు, డిటర్జెంట్ ఖర్చులన్నీ దండగ కిందే లెక్క. రిపేర్ బిల్లులో ఈ ఖర్చు కనపడదు. నన్నడిగితే పెద్ద ఖర్చు ఇదే.

ఇప్పుడు లెక్కకి వద్దాం. "రిపేర్ ఖర్చు కొత్త దాంట్లో సగం దాటితే పారేయ్" అని ఒక సూత్రం అందరూ చెప్తుంటారు. నాకు అది పెద్దగా నచ్చదు. అందులో కాలం అనేదే లేదు కదా. నేను నెలకి ఎంత పడుతుందో చూస్తాను. 16,500 పెట్టాక మెషీన్ ఇంకో నాలుగేళ్లు నడిస్తే నెలకి 344 రూపాయలు. రెండేళ్లే నడిస్తే 688. కొత్తది 45,000 పెట్టి తొమ్మిదేళ్లు వాడితే నెలకి 417. అంటే రిపేర్ చవకా ఖరీదా అన్నది, ఆ తర్వాత అది ఎన్నాళ్లు నడుస్తుందన్న దాని మీద ఉంది.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. పీసీబీయే కారణం అని టెక్నీషియన్‌కి ఎంత నమ్మకం? ఆయన ముందు తప్పు జరగనే లేదు. అది అంచనా, అంతే. ఆ అంచనా తప్పైతే 16,500 పోయి, సమస్య అక్కడే కూర్చుని ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్లకి ఈ బాధ తెలుసు. ఒక టెస్ట్ పదిసార్లలో మూడుసార్లు ఫెయిలవుతుంటే, మళ్లీ రన్ చేసి పాసయ్యింది కదా అని వదిలేస్తారు. లేదంటే అనుమానం వచ్చిన కోడ్ మొత్తం మార్చేస్తారు. రెండూ వేస్టే. ముందు అది ఎప్పుడెప్పుడు ఫెయిలవుతోందో రాసుకోవాలి.

(నేను బీటెక్‌లో ఈసీఈ. "ఆ మాత్రం బోర్డు బాగుచేయలేవా" అని మా చుట్టాల్లో ప్రతి ఒక్కరూ అడిగారు. లేదండీ, చేయలేను. మాకు ఎవరూ డిష్‌వాషర్ చెప్పలేదు.)

సరే, పాలప్యాకెట్ల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే అమ్మ ఇది కూడా రాయడం మొదలెట్టింది. వేసిన టైము, ఆగిందా లేదా, ఆగితే ఏ దశలో. నాలుగు వారాల్లో 31 సార్లు వేశాం. 9 సార్లు ఆగింది. అందులో 7 సార్లు పొద్దున 7 నుంచి 9 మధ్య, అదీ నీళ్లు ఎక్కించుకునే దశలోనే. బోర్డు పోతే అది టైము చూసుకుని పోదు కదా!

ఇక్కడ కొంచెం లోపలి సంగతి చెప్పాలి. నీళ్ల పైపు మెషీన్‌కి చేరే చోట ఒక వాల్వ్ ఉంటుంది, దాని మూతి దగ్గర చిన్న జాలీ. ఎన్ని నీళ్లు వచ్చాయో మెషీన్ కొలుచుకుంటుంది. అనుకున్న టైములో కావాల్సినన్ని రాకపోతే ఆపేస్తుంది. హీటర్ నీళ్లు లేకుండా కాలిపోకూడదు, అందుకని. మీరు ఆఫ్ చేసి ఆన్ చేసేలోపు కుళాయిలో ప్రెషర్ పెరిగి ఉంటుంది, అది హాయిగా నడుస్తుంది. బయటి నుంచి చూస్తే అచ్చం బోర్డుకి పిచ్చెక్కినట్టే ఉంటుంది.

ఇప్పుడు మా ఇల్లు చూడండి. నిజాంపేట వైపు, ఐదో అంతస్తు, అదే ఆఖరిది. ట్యాంక్ నెత్తి మీదే ఉంది కాబట్టి నీళ్లు బాగా వస్తాయని చాలామంది అనుకుంటారు. ఉల్టా. పది మీటర్ల ఎత్తు నీళ్లకి సుమారు ఒక బార్ ప్రెషర్. ట్యాంక్ మన కుళాయికి రెండు మూడు మీటర్ల పైన ఉంటే వచ్చేది 0.2, 0.3 బార్. చాలా మాన్యువల్స్‌లో కనీసం 0.5 బార్ కావాలని రాసి ఉంటుంది. కింద అంతస్తుల వాళ్లకి ఈ గొడవ లేదు. మేము 2024లో ఈ ఫ్లాట్‌కి మారాం, అంతకుముందు రెండో అంతస్తులో ఉన్నప్పుడు ఇదే మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు. పొద్దున పూట బిల్డింగ్ మొత్తం స్నానాలు, వాషింగ్ మెషీన్లు. ఉన్న కాస్త ప్రెషరూ పోతుంది. దానికి తోడు ట్యాంకర్ నీళ్లలో ఇసుక. ప్లగ్ పీకేసి, కుళాయి కట్టేసి, పైపు ఊడదీసి చూస్తే జాలీ సగం మూసుకుపోయి ఉంది.

మీరూ ఇది చూడొచ్చు. మెషీన్‌కి వెళ్లే కుళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టండి. నిమిషం లోపు నిండాలి. మాది పొద్దున 8 గంటలకి నిండడానికి రెండు నిమిషాలు పైనే పట్టింది.

జాలీ కడగడానికి పైసా ఖర్చు లేదు. చిన్న ప్రెషర్ పంపు, ప్లంబర్ కూలీతో కలిపి 7,200. ఆ తర్వాత ఏడు వారాల్లో ఒక్కసారే ఆగింది, ఆ రోజు ట్యాంకే ఖాళీ. గమనించండి, చెల్లి మాట విని కొత్తది తెచ్చుంటే ఆ 45,000 మెషీన్ కూడా పొద్దున 8 గంటలకి ఆగేది. నాన్న మాట విని బోర్డు మార్చినా ఆగేది.

నీళ్లు నింపేటప్పుడు కాకుండా నీళ్లు బయటికి పంపేటప్పుడు ఆగుతోందంటే వేరే చోట వెతకాలి. మన వంటకి డ్రెయిన్ వైపు శత్రువులు ఎక్కువ. చింతపండు పీచు, కరివేపాకు, నిమ్మగింజ, మటన్ ఎముక ముక్క. ఫిల్టర్ సరిగ్గా బిగించకపోతే ఇవి పంపులోకి దిగి రెక్కకి అడ్డం పడతాయి. ఆగకుండానే గిన్నెలు సరిగ్గా కడగకపోతే నీళ్లు చిమ్మే చేతుల రంధ్రాలు చూడండి. ఆవగింజ సరిగ్గా ఆ సైజే. టూత్‌పిక్ చాలు.

ఇక బోరు నీళ్లు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు. బోర్లలో ఈ పై అంకె దాటే చోట్లూ ఉన్నాయి. మెషీన్‌లో ఉప్పు పోయడం ఒక్కటే సరిపోదు, కాఠిన్యం సెట్టింగ్ కూడా మన నీళ్లకి తగ్గట్టు పెట్టాలి. లేకపోతే హీటర్ మీద సున్నం పేరుకుని దాని ఆయుష్షు తగ్గిపోతుంది.

అలాగని ఎప్పుడూ రిపేరే చేయించమని నేను అనను. విజయవాడలో మా పిన్ని వాళ్లది తొమ్మిదేళ్ల మెషీన్. లోపలి టబ్ అతుకు దగ్గర తుప్పు, అడుగున నీళ్లు. పైగా కడిగే పంపు పోయింది, పార్ట్ దొరకలేదు. తీసేశారు, సరైన పని చేశారు. టబ్ కారుతుంటే నేను ఒక్క రూపాయి కూడా పెట్టను. కారణం ఖాయంగా తేలి, అది పంపో హీటరో అయి, ఆరేడేళ్ల లోపు మెషీన్ అయితే రిపేరే. మెషీన్ వేసిన ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడిపోతుంటే మాత్రం ఇంకోసారి వేసి చూద్దాం అనకండి. హీటర్ దగ్గర కరెంటు లీకవుతూ ఉండొచ్చు, నీళ్ల పక్కన ఆ ప్రయోగం వద్దు.

పార్టుల సంగతి రిపేర్‌కి డబ్బు కట్టే ముందే అడగాలి. యూరప్‌లో 2021 మార్చి నుంచి రూల్ ఉంది, డిష్‌వాషర్ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా పంపులు, హీటర్ల లాంటివి కనీసం ఏడేళ్లు రిపేర్ చేసేవాళ్లకి దొరకాలి. మన దగ్గర కేంద్రం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అక్కడ కంపెనీల సర్వీసు, వారంటీ సమాచారం చూడొచ్చు.

టెక్నీషియన్‌ని నేను అడిగేవి మూడే. ఈ పార్టే కారణమని మీరు ఎలా కనుక్కున్నారు? మార్చాక అదే సమస్య మళ్లీ వస్తే డబ్బు సంగతేంటి? తీసిన పాత పార్ట్ నాకు ఇస్తారా? మొదటి ప్రశ్నకి "అనుభవం సార్" అనే జవాబొస్తే, మీటర్ పెట్టి చూపించమని మర్యాదగా అడగండి. ఆయన అనుభవాన్ని నేను తక్కువ చేయట్లేదు, కానీ డబ్బులు కట్టేది మనం.

మా ఇంట్లో క్యాలెండర్ ఇంకా నడుస్తోంది. నీళ్లు బాగున్నా నెలలో రెండుసార్లు ఆగితే ఇక రిపేర్ల మాటెత్తకుండా కొత్తది కొనేయాలని అమ్మ షరతు పెట్టింది. నాన్న మూడు సార్లు అని బేరమాడారు. ఒప్పుకోలేదు.