నాలుగు కుక్కలు, పట్టుకునే చెయ్యి ఒకటే: ఇంట్లో ఎక్కువ కుక్కలుంటే వాకింగ్ ఎలా?

షాద్‌నగర్ దగ్గర మా మామూకి మామిడి తోట ఉంది. తోట పక్కనే మేకల షెడ్డు. కాపలాకి నాలుగు కుక్కలు. టైగర్‌కి నాలుగేళ్లు, జర్మన్ షెపర్డ్ క్రాస్. రాణి తొమ్మిదేళ్ల లాబ్రడార్, సిటీలో ఎవరో వద్దనుకుంటే మామూ తెచ్చుకున్నాడు. ఛోటీ, షేరూ రెండూ ఊరి కుక్కలే. షేరూకి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

రంజాన్‌కి ముందు ఒకరోజు ఫజర్ అయ్యాక ముమానీ నాలుగింటినీ కలిపి బయటికి తీసుకెళ్లింది. ఇంట్లో మగవాళ్లెవరూ లేరు, ఒక్కసారి తిప్పుకొస్తే పని అయిపోతుందనుకుంది. జారిపోకుండా నాలుగు తాళ్లనూ కుడి చేతికి చుట్టుకుంది. మలుపులో వీధికుక్కలు అరిచాయి. టైగర్ లాగింది, మిగతా మూడూ దాని వెనకే. ముమానీ కంకర మీద పడింది, మణికట్టు విరిగింది.

నేను బీకాం చదివినవాణ్ణి, లెక్క వేయకుండా ఉండలేను. టైగర్ 34 కిలోలు, రాణి 36, షేరూ 20, ఛోటీ 16. మొత్తం 106 కిలోలు. ముమానీ 58. ఆ లెక్క ముందే వేసుంటే ఎవరూ ఆమెను అలా పంపేవాళ్లం కాదు.

అసలు నష్టం మాత్రం తర్వాత జరిగింది. పిండికట్టు ఉన్న ఆరు వారాలూ కుక్కల్ని తిప్పేవాళ్లు లేరు. రాత్రిపూట కాసేపు వదలడం, పగలంతా గొలుసు. మూడో వారంలో పాల కోసం వచ్చిన పనివాళ్ల పిల్లాణ్ణి టైగర్ కరిచింది. ఆ పిల్లాడు దానికి కొత్తవాడేం కాదు, రోజూ చూసేవాడే.

అదృష్టం ఏంటంటే, అప్పుడు మా కజిన్ అక్కడే ఉన్నాడు. గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాడు. పసుపు పెట్టలేదు, కారం పెట్టలేదు, కట్టు కట్టలేదు. నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ సీరం వేశారు, టీకా మొదలుపెట్టారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో రమ్మన్నారు. టైగర్‌కి రేబీస్ టీకా వేయించే ఉంది. అయినా మన కుక్కే కదా అని పిల్లాడి టీకా మానేయకూడదు. రేబీస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. కాపలా కుక్కని పగలు కట్టేస్తే రాత్రికి కోపంగా ఉంటుంది, బాగా కాపలా కాస్తుంది అని. కట్టేసిన కుక్క కోపంగా ఉండే మాట నిజమే. కానీ ఆ కోపానికి దొంగ ఎవరో, పాలకి వచ్చిన పిల్లాడెవరో తేడా తెలియదు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, పిల్లులు, బైకులు అన్నీ కనిపిస్తుంటాయి, గొలుసు వల్ల దేన్నీ అందుకోలేదు, దేన్నుంచీ దూరంగా పోలేదు. రోజంతా పేరుకున్న ఆ చిరాకు దగ్గరికి వచ్చినవాళ్ల మీద తీరుతుంది. ఒంటరి కుక్కే ఇలా ఉంటే, నాలుగు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి మొరిగితే మిగతా మూడూ రెచ్చిపోతాయి. అందుకే నాలుగు కుక్కలున్న ఇల్లంటే ఒక కుక్క పని నాలుగింతలు కావడం కాదు, అది వేరే రకం పని.

ముందు ఒక మాట

ఇది చదివేవాళ్లలో కొందరికి, అసలు మనింట్లో కుక్కలేంటి అనే ప్రశ్న వస్తుంది. పొలం, పశువుల మంద, వేట, వీటి కోసం కుక్కని ఉంచుకోవడానికి హదీసుల్లో అనుమతి ఉంది. ఊరికే సరదాకి ఉంచుకోవడం గురించి హెచ్చరికా ఉంది. మీ ఇంటి సంగతి మీ ఆలిమ్‌ని అడగండి, అది ఒక రిపోర్టర్ తేల్చే విషయం కాదు. దాహంతో ఉన్న కుక్కకి నీళ్లు తాగించిన మనిషి కథ మాత్రం మనందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. తెచ్చి పెట్టుకున్నాక దాన్ని ఎలా చూసుకోవాలన్నదే ఇక్కడ మాట.

బట్టల సంగతి కూడా చాలామంది అడుగుతారు. మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ మస్లక్‌లో కుక్క లాలాజలం నాపాక్, పొడి ఒళ్లు తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు. షాఫయీలు ఇంకా గట్టిగా చూస్తారు. ముమానీ ఈ చర్చలోకి పోకుండా ఒక సులువైన పని చేసింది. కుక్కల దగ్గరికి వెళ్లడానికి ఒక పాత జత బట్టలు, ఒక జత చెప్పులు షెడ్డులో విడిగా పెట్టుకుంది. అవి ఇంట్లోకి రావు, నమాజు బట్టలు అక్కడికి పోవు.

ఎవరికి ఎంత నడక?

కట్టు విప్పాక మేం కూర్చుని ఒక పట్టిక రాసుకున్నాం. పశువుల డాక్టర్‌ని కూడా అడిగాం. మొదట తెలిసింది ఏంటంటే, నాలుగింటికీ ఒకే నడక పెట్టడం తప్పు.

టైగర్‌కి వయసుంది, బలముంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట బాగా వేగంగా నడవాలి. దాన్ని ఒంటరిగానే తీసుకెళ్లాలి, అది కూడా మామూ గానీ కజిన్ గానీ. రాణి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దానికి కీళ్ల నొప్పులు, పైగా ఐదారు కిలోలు ఎక్కువ బరువు. ముసలిదైపోయింది కదా అని నడక మాన్పించాం, అందుకే ఇంకా లావెక్కింది. దానికి పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు, మెత్తటి మట్టి మీద, అది ఆగినచోట ఆగుతూ. టైగర్‌తో కలిపి తీసుకెళ్తే ఒకటి కుంటుతూ ఈడ్చుకుపోతుంది, ఇంకొకటి విసుగెత్తి లాగుతుంది.

షేరూ పిల్ల. చూడ్డానికి పెద్దదైంది గానీ ఎముకలు ఇంకా ముదరలేదు. బైక్ పక్కన పరిగెత్తించడం, మెట్లు పదేపదే ఎక్కించడం ఇప్పుడే వద్దన్నారు డాక్టర్. పెద్ద జాతి పిల్లలకైతే ఏడాదిన్నర దాకా ఈ జాగ్రత్త కావాలట. అది తనకు తానుగా తోటలో ఆడుకుంటే ఫరవాలేదు, అలసిపోతే ఆగిపోతుంది. బైక్ వెనక కట్టిన కుక్కకి ఆగే వీలుండదు. ఛోటీకి షేరూతో సరిపడుతుంది కాబట్టి ఆ రెండింటినీ జతగా అరగంట తిప్పుతాం.

కూడితే పూటకి గంటా పదిహేను నిమిషాలు. రోజుకి రెండున్నర గంటలు. ఒక్కరి మీద వేస్తే నెల తిరక్కుండానే మానేస్తారు. మామూ, కజిన్, వాచ్‌మన్, ముమానీ పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. ఇంకో కుక్కని తెచ్చుకుందామా అని ఆలోచించేవాళ్లు మేత ఖర్చు కంటే ముందు ఈ గంటల లెక్క వేసుకోండి.

జతగా తిప్పాలంటే ముందు ఒక్కోటి విడిగా నడవడం నేర్చుకోవాలి. విడిగా ఉన్నప్పుడే లాగే కుక్క జతలో మాట వింటుందని ఆశపడొద్దు. రెండింటికి మించి ఒక మనిషి పట్టుకోవద్దు. ఆ రెండింటి బరువు కలిపినా మీరు ఆపగలిగేంతే ఉండాలి. తాడు చేతికి చుట్టుకోవద్దు, పిడికిట్లో పట్టుకోండి. మెడ పట్టా కంటే ఛాతీ మీదుగా వచ్చే బెల్టు మంచిది, లాగినా గొంతు నొక్కుకోదు. బటన్ నొక్కితే పొడవు పెరిగే తాళ్లు రెండు కుక్కలతో అస్సలు వద్దు, చిక్కుపడితే వేళ్లు కోసుకుపోతాయి.

గొడవలు ఎక్కువగా జరిగేది రోడ్డు మీద కాదు, గేటు దగ్గర. బెల్టు శబ్దం వినగానే నాలుగూ గేటు మీదికి ఉరుకుతాయి. ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఎదర ఉన్నదాన్ని అందుకోలేక పక్కదాన్ని కరుస్తాయి. అందుకని బయటికి పోయేదాన్ని మాత్రమే షెడ్డులోంచి తీసి, గేటు ముందు కూర్చోబెట్టి, అది కుదుటపడ్డాకే తలుపు తీయాలి. మొదటి వారం ఒక్క గేటు దాటడానికే పది నిమిషాలు పట్టింది. కజిన్‌కి కోపం వచ్చింది. రెండో వారానికి షేరూ గేటు చూడగానే కూర్చోవడం మొదలుపెట్టింది.

ఉండిపోయినవి ఏడుస్తాయి కదా అంటారు. వాటి కోసం గుప్పెడు మేత గడ్డిలో చల్లి వదిలేయండి. వాసన పట్టి ఏరుకుని తింటూ పావుగంట గడిపేస్తాయి. నడకలో కూడా అంతే, ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంటే మనం లాక్కుపోతాం. వాసన చూడ్డం కుక్కకి పేపర్ చదవడం లాంటిది, కాసేపు చదవనివ్వండి. ముసలి కుక్కకైతే దూరం కంటే అదే ముఖ్యం.

భోజనం నడక అయ్యాక, కాస్త సేద తీరాక పెట్టాలి. కడుపు నిండా తినిపించి పరిగెత్తిస్తే, ముఖ్యంగా షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అలా జరిగితే గంటల్లో ప్రాణం పోతుంది.

ఎండాకాలం, రంజాన్, బక్రీద్

కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కొంచెం పడుతుంది, అంతే. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి దానికున్న దారి వగర్చడమే. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది తర్వాత నడక మాటే వద్దు. అరచేతి వెనక భాగం తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి వాటికి ఇంకా కష్టం. విపరీతంగా వగర్చడం, చిక్కటి చొంగ, చిగుళ్లు ఎర్రగా మారడం, తూలడం కనిపిస్తే వడదెబ్బే. నీడకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. తడపకుండా కారెక్కించి అరగంట దూరం తీసుకుపోతే దారిలోనే పోవచ్చు.

ఒక లెక్కన మన నమాజు వేళలే దీనికి సరిపోతాయి. ఫజర్ తర్వాత, మగ్రిబ్ తర్వాత రోడ్డు చల్లగా ఉంటుంది. రంజాన్‌లో మాత్రం ఇఫ్తార్‌కి ముందు గంటలో టైగర్ లాంటి కుక్కని పట్టుకోవద్దు. రోజాతో ఒంట్లో ఓపిక ఉండదు, చిరాకు కుక్క మీద చూపిస్తాం. మా ఇంట్లో ఆ నెల సాయంత్రం నడకని తరావీహ్ తర్వాతకి మార్చారు. బక్రీద్ రోజు మాంసం వాసనకి నాలుగూ పిచ్చెత్తినట్టు ఉంటాయి. పొద్దున్నే మామూలు కంటే ఎక్కువ నడిపించి, గుర్బానీ జరిగేచోటికి దూరంగా ఉంచండి. ఏం పెట్టినా విడివిడిగా పెట్టండి. ఉడికించిన ఎముకలు వద్దు, విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఎదకొచ్చిన ఆడకుక్క ఉంటే దాదాపు మూడు వారాలు దాన్ని మగవాటితో కలిపి తిప్పొద్దు. ఆ రోజుల్లో ఎప్పుడూ కొట్టుకోని మగకుక్కలు కూడా కొట్టుకుంటాయి. ఆపరేషన్ చేయిస్తే ఈ గొడవ ఉండదు.

చట్టం ఏమంటుంది?

1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో, సెక్షన్ 11 కింద, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకి తగిన వ్యాయామం ఇవ్వకపోవడం యజమాని చేసిన నేరం. నాకు ఇది మొన్నటి దాకా తెలియదు. చాలాకాలంగా ఆ చట్టంలో మొదటి తప్పుకి రాసి ఉన్న జరిమానా పది నుంచి యాభై రూపాయలు, అంటే రెండు ఇరానీ చాయ్‌ల ఖర్చు. అందుకే ఎవరూ పట్టించుకోరేమో. కానీ కుక్క మనిషి మీద పడకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లో అయితే పెంపుడు కుక్కకి మున్సిపల్ లైసెన్సు కావాలి, దానికి రేబీస్ టీకా కాగితం అడుగుతారు.

సిటీ ఫ్లాట్లలో రెండు మూడు కుక్కలున్నవాళ్లకి తోట ఉండదు, లిఫ్ట్ ఉంటుంది. లిఫ్ట్‌లో పక్కింటివాళ్లుంటే ఆగి తర్వాతది ఎక్కండి, ఒకసారి ఒక కుక్కనే దించండి. కుక్క వెనక శుభ్రం చేయడానికి పాత పేపర్, కవరు జేబులో పెట్టుకోండి. అపార్ట్‌మెంట్లలో జరిగే గొడవల్లో సగం దీని గురించే. డబ్బులిచ్చి తిప్పే మనిషిని పెట్టుకుంటే, ఒకేసారి ఎన్ని కుక్కల్ని పట్టుకుంటాడో ముందే అడగండి. ఐదారు అంటే ఇంకొకర్ని వెతుక్కోండి.

ముమానీ ఇప్పుడు రాణిని మాత్రమే తిప్పుతుంది. ఆ చెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు. టైగర్ పొద్దున అరగంట నడిచొచ్చాక మధ్యాహ్నం దాకా పడుకుంటుంది, మొరగడం బాగా తగ్గింది. అయినా బయటివాళ్లు వచ్చే వేళకి దాని మూతికి జాలి కట్టు వేస్తున్నారు. పిల్లాడికి నాలుగో ఇంజెక్షన్ కూడా అయిపోయింది. పాలకి ఇప్పుడు వాళ్లమ్మ వస్తోంది. గేటు బయటే ఆగి ఫోన్ చేస్తుంది. మామూ వెళ్లి టైగర్‌ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాకే లోపలికి అడుగు పెడుతుంది.