ముడి చక్కెర దిగుమతి: ఇండొనీషియా, హిందూదేశముల యనుభవము

చెరకు రసమును కాచి, గోధుమరంగు పలుకులుగా దీసి, శుద్ధి చేయకయే యోడల కెక్కించు సరకును ముడి చక్కెర యందురు. కొనిన దేశము దానిని రేవులలోని కర్మాగారములందు కరగించి శుద్ధిచేసి తెల్ల చక్కెరగా మార్చును. ఒక యేటి కొరతకై దీనిని కొనుట వేరు. ఏటేట దీనిపైననే యాధారపడుట వేరు. ఈ భేదము రెండు దేశముల చరిత్రమువలన తేటపడును.

1930 ప్రాంతమున ఇండొనీషియాలోని జావాద్వీపము డచ్చివారి పాలనలో నుండెను. చక్కెర యెగుమతిలో క్యూబా తరువాత దానిదే స్థానము. ఏటికి సుమారు 30 లక్షల టన్నుల చక్కెర యచట తయారగుచుండెను. దానిని కొనువారిలో హిందూదేశము ముఖ్యమైనది. చెరకు విస్తారముగా పండినను, అందు హెచ్చుభాగము బెల్లమునకే పోవుటచే, 1930-31 లో దాదాపు 10 లక్షల టన్నుల చక్కెర ఈ దేశమునకు దిగుమతి యయ్యెను.

ఈ స్థితిని మార్చినవి రెండు. కోయంబత్తూరులో 1912 లో స్థాపితమైన చెరకు పరిశోధనాలయమువారు చెరకును రెల్లుతో సంకరముచేసి సాధించిన కో. 205 రకము 1918 లో రైతులకు లభించెను. 1932 నాటి చట్టముచే విదేశపు చక్కెరపై హండ్రెడువెయిటునకు, అనగా 112 పౌనులకు, రూ. 7-4-0 సుంకము విధింపబడెను. ముప్పదికి మించి యెక్కువలేని కర్మాగారములు నాలుగైదేండ్లలో 130 దాటెను. దిగుమతి దాదాపు నిలిచిపోయెను. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము 1937 లో వెలసినది ఈ కాలముననే.

జావాలో దీనికి విరుద్ధముగా జరిగెను. ధరలు పడిపోయెను, 1931 నాటి యంతర్జాతీయపు టొడంబడిక యెగుమతిని తగ్గించెను, హిందూదేశపు బజారును పోయెను. మిల్లులలో హెచ్చుభాగము మూతపడెను. 1921 లో పసురువాన్‌లో సృష్టింపబడిన పి.ఓ.జె. 2878 వంటి యుత్తమమైన రకమున్నను పరిశ్రమ నిలువలేదు. గ్రామస్థుల వరిపొలములను మిల్లులు కౌలునకు దీసికొని చెరకు వేయుచుండుటచే, అది మిల్లు పంటయే గాని రైతు పంట కాలేదు. 1975 లో ప్రభుత్వము చెరకుసాగును రైతులకే యప్పగించినను, వరి లాభకరముగా నుండుటచేతను, మిల్లులు పాతవై చెరకునుండి తక్కువ చక్కెర దీయుటచేతను సాగు వాడుకకు తగినట్లు పెరుగలేదు. నేడా దేశపు టుత్పత్తి 20-25 లక్షల టన్నులు; వాడుక సుమారు 70 లక్షలు. తక్కినదానిలో హెచ్చుభాగము ముడి చక్కెరగా దిగుమతి యగుచున్నది. 2021-22 లో దాని నమ్మినవారిలో హిందూదేశమును ప్రధానము.

ఐనను హిందూదేశము నిశ్చింతగా నుండరాదు. 2006-08 నడుమ చక్కెర మితిమీరి ధర పడిపోవ, చెరకు సొమ్ము సకాలమున నందక రైతు లితర పంటలకు మరలిరి. 260 లక్షల టన్నులు దాటిన యుత్పత్తి 2008-09 లో దాదాపు 145 లక్షలకు దిగెను. బ్రెజిలు ముడి చక్కెరను కొనవలసివచ్చెను. బోధన్ కర్మాగారమును 2015 లో మూతపడెను.

దీనివలన దెలియున దేమనగా, సుంకము పరిశ్రమను నిలబెట్టగలదు గాని, చెరకు రైతునకు గిట్టుబాటైననే దేశము దిగుమతినుండి తప్పించుకొనును. గిట్టుబాటునకు సకాలపు చెల్లింపు మిల్లువారి వంతు. ఎకరపు దిగుబడి రైతు వంతు. ఆరోగ్యమైన తోటనుండియే ముచ్చెలు దీయవలెను. ఒక్క రకమునే నమ్మరాదు. ఉత్తరప్రదేశమున విస్తారముగా వేసిన కో. 0238 రకము ఎర్రకుళ్ళు తెగులునకు లోనై రైతులకు నష్టము గలిగించినది. నరికిన చెరకును నిలువయుంచక ఒక దినములోనే మిల్లునకు జేర్చవలెను. ఆలస్యమైనకొలది తూకమును తీపియు తగ్గును.